పరిశోధనలో తోడు: కోలార్ బంగారు గనులు నేర్పిన పాఠం

ఈ ఉపన్యాసం గని కార్మికుల స్మృతిలో ఏర్పాటైంది. ఉమ్మడి పరిశోధనకు సరైన భాగస్వాములను ఎలా ఎంచుకోవాలన్నది నేటి అంశం. దీనికి జవాబు ఈ ఊరి నేల కిందే ఉంది.

1965లో ఇక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడ దొరికింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ, జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయం కలిసి సాధించిన ఫలితమది. ఆగస్టు 15న ‘ఫిజిక్స్ లెటర్స్’లో వెలువడిన పత్రం మీద 11 మంది పేర్లున్నాయి. అదే వేటలో దక్షిణాఫ్రికా బంగారు గనిలో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనెస్ బృందం కూడా ఉంది. తొలి సంకేతం వారికే ముందు అందినా, వారి పత్రం మనవాళ్ల పత్రం తర్వాత రెండు వారాలకు వచ్చింది.

ఈ మూడు సంస్థలు ఎలా కలిశాయి? ముందు ప్రశ్న పుట్టింది, తోడు తర్వాత కుదిరింది. 1950ల మొదట్లో టాటా సంస్థ అధిపతి హోమీ భాభా ప్రోత్సాహంతో ఆ సంస్థకే చెందిన బి.వి. శ్రీకంటన్ పరికరాలతో ఈ గనుల్లోకి దిగి, కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్లనే కణాలు లోతు పెరిగేకొద్దీ ఎంత తగ్గుతాయో కొలిచారు. 1960ల తొలినాళ్లలో ఒసాకాకు చెందిన సబురో మియాకే, టాటా సంస్థకు చెందిన వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఆ కొలతలను మరింత లోతుకు తీసుకెళ్లారు. బాగా లోతున వారాల తరబడి కాచుకున్నా ఒక్క మ్యూయాన్ తగల్లేదు. ఏమీ దొరకని ఆ ఫలితమే తర్వాతి పనికి పెట్టుబడి అయింది. అంత లోతుకు పైనుంచి మ్యూయాన్లు దాదాపు చేరవు. కాబట్టి అడ్డంగా వచ్చే మ్యూయాన్ కనిపిస్తే, చుట్టూ ఉన్న రాతిని న్యూట్రినో తాకినప్పుడు పుట్టిందే అయివుండాలి. దాని దారిని పట్టి చూపేవి నియాన్ ఫ్లాష్ ట్యూబులు. వాటిలో ఆరితేరింది ఆర్నాల్డ్ వుల్ఫెన్‌డేల్ నాయకత్వంలోని డర్హమ్ బృందం. మన దగ్గర లోతు ఉంది, వారి దగ్గర ఆ పనితనం ఉంది.

ఇందులో నాకు కనిపించే సూత్రం ఒకటే: మనలాంటి వారిని కాదు, మన లోటు తీర్చేవారిని, మన వల్ల తమ లోటు తీరేవారిని వెతకాలి. వారు పేరున్న వారో కాదో తర్వాతి మాట. చిన్న పనిని కలిసి చేసి చూశాకే పెద్ద పనికి పూనుకోవాలి. మియాకేతో కుదిరిన స్నేహం అలా పరీక్షకు నిలిచింది కాబట్టే, 1980లలో ఈ గనుల్లోనే ప్రోటాన్ క్షయాన్ని వెతికే 140 టన్నుల పరికరం దగ్గర కూడా ఒసాకా, టాటా శాస్త్రవేత్తలు కలిసే పనిచేశారు.

కాని ఆ పత్రంలోని రచయితల వరుసలో చోటు దక్కని నాలుగో భాగస్వామి ఉన్నాడు. గనిలోకి దించే కేజ్ నడిపినవాడు, నీళ్లు తోడినవాడు, ఉక్కపోతలో పరికరాల బరువులు మోసినవాడు. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడిన ఆ శ్రామికులు లేకపోతే ఆ లోతు ఎవరికీ అందేది కాదు. గని బతికినంత కాలమే ప్రయోగశాలకు ఆయుష్షు. 1990ల తొలినాళ్లలో ప్రయోగాలు ముగిశాయి, 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. ఆ తర్వాత తమిళనాడులోని తేని జిల్లాలో తలపెట్టిన న్యూట్రినో పరిశోధనశాలకు 2015లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం లభించినా, స్థానికుల వ్యతిరేకతతో అది ముందుకు సాగలేదు. ఊరిని భాగస్వామిగా మొదటి రోజే కూర్చోబెట్టుకోవాలి. అనుమతులన్నీ చేతికొచ్చాక ఒప్పించబోతే ఆలస్యమైపోతుంది.

విద్యార్థులారా, బంగారం తీశాక మిగిలిన వ్యర్థాలతో పేరుకున్న ఇక్కడి సైనైడ్ దిబ్బలు మీ ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ దుమ్ము గాలికి లేవకుండా ఆపడమెలా? అందులో మిగిలిన బంగారాన్ని క్షేమంగా రాబట్టడమెలా? రసాయనం తెలిసినవారు ఒకచోట, రాతి స్వభావం తెలిసినవారు మరోచోట, దిబ్బల పక్కనే బతుకుతున్నవారు ఇక్కడే ఉన్నారు. మీ కొలతలు మీరు ముందు మొదలుపెట్టండి. మీకు తెలియనిదేమిటో స్పష్టంగా రాసుకోండి. అది తెలిసినవారికి ఆ కాగితంతోనే ఉత్తరం రాయండి. వారు మీ దగ్గరికి వచ్చేసరికి, దిబ్బల పక్కనున్న ఈ కాలనీల ప్రజలు కూడా మీ పక్కన కూర్చుని ఉండాలి.