పొగ లెక్క ఎవరు రాస్తున్నరు?



మన మీది గాలి తమ మీదికి రావద్దని మనల్ని ఊరవతల పెట్టిండ్రు. గాలి ఎటు వీస్తే ఎవరికి నష్టమో మనకు తరాలుగా ఎరుకే. ఇయ్యాల మనం పొగ లెక్క గురించి మాట్లాడుకుందాం.

బొగ్గు కరెంటు ప్లాంటు నుండి గంధకపు పొగ, అంటే సల్ఫర్ డయాక్సైడ్, ఎంత వస్తదో ఎట్ల తెలుస్తది? ఎంత బొగ్గు కాల్చిండ్రో, అందులో గంధకమెంతో యాజమాన్యం రాసిస్తది. ఆ కాయితం మీద లెక్కగడ్తరు.

పై నుండి చూసే లెక్క ఇంకొకటి ఉంది. 2004లో ఎగిరిన ఆరా ఉపగ్రహంలోని ఓఎంఐ, 2017లో ఎగిరిన సెంటినెల్-5పిలోని ట్రోపోమి అనే పరికరాలు నేల మీంచి తిరిగి పైకి పోయే ఎండను పట్టి చూస్తయి. గంధకపు పొగ ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొంత మింగుతది. ఎంత మింగిందో చూస్తే పొగ ఎంతుందో తెలుస్తది. గాలి వేగమూ, పొగ ఎంతసేపు నిలుస్తదన్నదీ కలిపితే ఎంత విడుస్తున్నరో తేలుతది.

ఈ పద్ధతిలోనే 2016లో శాస్త్రవేత్తలు ప్రపంచంలో ఏ లెక్కలోనూ లేని 39 పెద్ద పొగ కేంద్రాలను బయటపెట్టిండ్రు. 2007 తర్వాత పదేండ్లలో చైనా గంధకపు పొగ 75 శాతం తగ్గితే, మన దేశంలో 50 శాతం పెరిగిందని 2017లో ఇంకో పరిశోధన తేల్చింది.

మరి సర్కారు ఏం చేసింది? 2015 డిసెంబరులో ఈ పొగకు హద్దు పెట్టింది. గడువు మాత్రం మళ్లీ మళ్లీ జరిపింది. 2025 జులైలో దాదాపు 78 శాతం యూనిట్లకు పొగ కడిగే యంత్రం అక్కర్లేదన్నది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి మాత్రం తప్పనిసరి అన్నది. నగరానికి ఒక ఊపిరి, గూడేనికి ఒక ఊపిరా?

ఉపగ్రహం దేవుడు గాదు. రోజుకొక్కసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో చూస్తది. మబ్బు పడితే చూడలేదు. నేల నుండి ఆకాశం దాకా ఉన్న పొగనంతా కలిపి చెప్తది. మన ముక్కు దగ్గర ఎంతుందో చెప్పాలంటే కంప్యూటర్ నమూనా కావాలె, వాడలో గాలి కొలిచే మిషన్ కావాలె. ఆ నమూనాలో తక్కువ లెక్క పోస్తే తక్కువ పొగే చూపిస్తది.

ట్రోపోమి లెక్కలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. చదువుకున్న మన పిల్లలు ఆ పని పట్టాలె. ప్లాంటు కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిన రోజు మనమంతా పోయి మూడు ముక్కలు అడగాలె. మీ నమూనాలో పోసిన పొగ లెక్క ఎంత? దాన్ని ఉపగ్రహం లెక్కతో సరిచూసిండ్రా? మా వాడలో మిషన్ ఎప్పుడు పెడ్తరు?

జవాబు కాయితం మీద ఎక్కేదాక అక్కడ్నించి లేవొద్దు.