నాన్ననయ్యాక నాన్నతో మాట్లాడితే



కిందటి వారం ఇదే సమయానికి ఒక పెద్దావిడ బాలింత పథ్యం గురించి చాలా బాగా చెప్పారు. ఆవిడ మాట విని మా అమ్మ ఆ సాయంత్రమే శొంఠి, మిరియాలు మళ్ళీ దంచింది. ఈ వారం తండ్రుల వంతు, మీరు మాట్లాడండి అన్నారు మన కార్యక్రమం నడిపేవారు. అయ్యా, తండ్రిగా నా సర్వీసు నాలుగు నెలలే, ప్రొబేషన్ కూడా పూర్తికాలేదు అన్నాను. అదే కావాలి, అనుభవం పాతబడితే కథలు చెబుతారు, ఇప్పుడైతే ఉన్నది చెబుతారు అన్నారు. సరే, ఉన్నదే చెబుతాను.

మేముండేది ఫ్రీమాంట్‌లో, రెండు పడకగదుల అపార్ట్‌మెంట్. మే నెలలో బాబు పుట్టాడు. తొలికాన్పుకి అమ్మాయి తరఫువాళ్ళు రావడం మనలో మామూలు కదా. కానీ మా అత్తగారు ఇంకా ఉద్యోగంలో ఉన్నారు, డిసెంబరులో గానీ రిటైరవరు. అందుకని వంతులు తారుమారయ్యాయి. ఏప్రిల్లో మా అమ్మానాన్నలు వచ్చారు. జనవరిలో అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తారు. ఈ దేశంలో మన పిల్లలు చాలామంది ఈ ఆరేసి నెలల వీసా లెక్కల్లో తాతల చేతులు మారుతూ పెరిగేవాళ్ళే. మీకు తెలియంది కాదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా ముప్ఫయ్యేళ్ళ పైన చేశారు. ఎక్కువకాలం బందరు – విజయవాడ రూటే. బస్సులో అంత గొంతు పెట్టే మనిషి ఇంట్లో మాత్రం చాలా తక్కువ మాట్లాడతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

పిల్లాడు ఇంటికొచ్చిన రోజే మా ఇంట్లో రెండు రాజ్యాంగాలు ఎదురుపడ్డాయి. ఒకటి ఆస్పత్రివాళ్ళు చేతిలో పెట్టిన కాగితాల కట్ట. రెండోది మా అమ్మ నోటిలెక్క. కాగితాల్లో మొదటిది కార్ సీటు. రెండేళ్ళు నిండేదాకా పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలని కాలిఫోర్నియాలో 2017 నుంచి చట్టం. నాన్న ఆ బెల్టులన్నీ చూసి, "మా బస్సులో ఐదేళ్ళలోపు పిల్లలకి టిక్కెట్టే లేదు, ఇంక సీటెక్కడిదిరా, తల్లి ఒడే సీటు" అన్నారు. అంతే, ఆ రోజుకి ఆయన మాట్లాడింది.

అమ్మ లెక్కలో మొదటిది నలుగుపిండి స్నానం, తర్వాత సాంబ్రాణి పొగ. పొగ వేసిన రెండో నిమిషానికి స్మోక్ అలారం మోగింది, పక్కింటి చైనా ఆయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు, మా ఆవిడ టవలుతో అలారం కింద విసురుతూ నిలబడింది. ఇంత గోలలో నిద్రపోయింది పిల్లాడొక్కడే. సాంబ్రాణి ఆ రోజుతో సరి.

తేనె సంగతి సులభంగానే తేలింది. ఏడాది నిండేదాకా నాలిక్కి తేనె తగలకూడదని పిల్లల డాక్టరు చెప్పారు. తేనెలో ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు, పసిపిల్లల పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, దాన్ని బొట్యులిజం అంటారు. పసిపిల్లల్లో ఈ జబ్బుని 1976లో గుర్తించింది కాలిఫోర్నియాలోనే. అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి "అయితే వద్దులే" అంది. కాటుకా అంతే. కొనే కాటుకల్లో సీసం ఉంటుందని ఇక్కడి ప్రభుత్వం హెచ్చరిస్తోంది. కంటికి మానేసి, ఇంట్లో ఆముదం దీపం మసి పట్టి అరికాలికి దిష్టిచుక్క పెట్టింది. మేజోడు కింద దిష్టిచుక్క ఎవరికి కనిపిస్తుందమ్మా అంటే, దిష్టికి కనిపిస్తే చాలంది.

చిక్కు వచ్చింది నిద్ర దగ్గర. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, ఒంపు లేకుండా ఉండాలి, దిండూ దుప్పటీ బొమ్మా ఏవీ ఉండకూడదు. ఇది ఇక్కడి నియమం. అమ్మ బందరు నుంచి ఆవాల దిండు కుట్టి తెచ్చింది, తల గుండ్రంగా రావాలని. పాత నేతచీర కూడా తెచ్చింది, ఉయ్యాలకి. రెండూ కుదరవన్నాను. "ఆ బోడి మంచంలో, పక్కన గుడ్డపీలిక లేకుండా, దిక్కులేనివాడిలా పడుకోవాలా నా మనవడు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నేను ఆ రాత్రి కూర్చుని ఈ నియమం ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివాను. చదివాక అమ్మ మీద గౌరవం పెరిగింది. ఎందుకంటే ఒకప్పుడు ఈ విషయంలో పొరపడింది మన ముసలమ్మలు కాదు, ఇక్కడి నిపుణులే. డాక్టర్ స్పాక్ అని, పిల్లల పెంపకం మీద ఆయన పుస్తకం 1946లో వచ్చింది, అమెరికాలో ఇంటింటా ఉండేది. 1950ల చివర వచ్చిన ముద్రణల్లో ఆయన పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని రాశాడు. వెల్లకిలా ఉంటే కక్కినప్పుడు ఊపిరాడదని ఆయన భయం. దశాబ్దాలపాటు జనం అలాగే చేశారు. బోర్లా పడుకోబెడితే ప్రమాదమన్న సూచనలు 1970 నాటికే ఉన్నాయని, పాత లెక్కలన్నీ తిరగేసి 2005లో కొందరు పరిశోధకులు తేల్చారు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం మాట మార్చింది 1992లో. 1994లో దేశమంతా ప్రచారం మొదలుపెట్టారు. ఆ దశాబ్దంలోనే నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది.

ఇదంతా అమ్మకి తెలుగులో చెప్పాను. "అంటే వీళ్ళూ తడుముకుంటూ నేర్చుకున్నవాళ్ళేనా" అంది. అవునమ్మా అన్నాను. ఆ మాటతో ఆవాల దిండు పెట్టెలోకి వెళ్ళింది. నియమం నచ్చి కాదు, నియమానికీ ఒక ముత్తవ్వ ఉందని తెలిసి. ఇక్కడ నాకు అర్థమైనదేమిటంటే, "డాక్టరు చెప్పారు, నోరు మూసుకో" అంటే మన పెద్దవాళ్ళు వినరు, వినాల్సిన పనీ లేదు. ఎందుకు చెప్పారో, ఎంతమంది పిల్లలు బతికారో చెప్పాలి. లెక్క చెబితే వింటారు.

అన్నట్టు, పగలు మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా వెయ్యమని కూడా ఆ కాగితాల్లోనే ఉంది. అమ్మకి అది మహా సంతోషం. కిందటివారం వాడంతట వాడే బోర్లాపడ్డాడు. బొబ్బట్లు చేసి పొగ గోలనాటి పక్కింటాయనకి కూడా ఇచ్చి వచ్చింది.

బారసాల ముచ్చట ఒకటి. పేరు ఇరవయ్యొకటో రోజున బియ్యంలో రాయాలని మన పద్ధతి. ఆస్పత్రిలో రెండో రోజే జనన ధ్రువపత్రం కాగితం పట్టుకుని పేరు చెప్పమన్నారు. రాసేశాం. బారసాల నాడు రాసిన పేరే మళ్ళీ రాయాలా అని నేను నసిగితే నాన్న, "బియ్యంలో రాసేదాకా అది కాగితం పేరేరా" అని ఉంగరం నా చేతికిచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. నేను హాల్లో పిల్లాడికి డయాపరు మారుస్తున్నా, భుజాన వేసుకుని తిప్పుతున్నా నాన్న లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవారు. మొదట నేను గమనించలేదు. మా ఆవిడ గమనించింది. "మావయ్యగారికి మీరు ఈ పనులు చెయ్యడం నచ్చట్లేదేమో" అంది. మగవాడు ఇలాంటి పనులు చెయ్యడం చూడలేకపోతున్నారా? నాకూ మనసు చివుక్కుమంది. ఎందుకంటే నా చిన్నతనంలో నాన్న నన్ను ఎత్తుకున్నట్టు నాకు ఒక్క జ్ఞాపకమూ లేదు. ఫోటో కూడా లేదు. ఉన్న ఒక్క ఫోటోలో నేను పెదనాన్న చంకలో ఉన్నాను, నాన్న పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

జూన్లో ఒక రాత్రి రెండింటికి పిల్లాడు ఏడుస్తుంటే హాల్లో తిప్పుతున్నాను. నాన్న మంచినీళ్ళకి వచ్చారు, నన్ను చూసి వెనక్కి తిరిగారు. "ఎందుకు నాన్నా వెళ్ళిపోతారు?" అని అడిగాను.

ఆయన కాసేపు నిలబడ్డారు. "మా నాన్న అలాగే లేచి వెళ్ళేవాడురా" అన్నారు.

విషయం ఏమిటంటే, మా తాతగారి ముందు నాన్న నన్ను ఎత్తుకోకూడదు. పెద్దల ఎదుట సొంతబిడ్డని ముద్దుచెయ్యడం మర్యాద కాదు. అది తాతగారికీ తెలుసు. అందుకని నాన్న డ్యూటీ దిగి వచ్చిన వేళకి ఆయన చుట్ట వెలిగించుకుని అరుగు మీదికి వెళ్ళేవారట. కొడుకు బిడ్డని ఎత్తుకోవడానికి చోటిచ్చి వెళ్ళడమన్నమాట. "నేనుంటే నువ్వు మొహమాటపడతావని లేస్తున్నాను" అన్నారు నాన్న. నేను ఇన్నాళ్ళూ కోపమనుకున్నది ఆయన దృష్టిలో మన్నన.

"మరి జనం ఉన్నప్పుడు నన్నెవరు ఎత్తుకునేవారు?" అన్నాను. "అన్నయ్య ఎత్తుకునేవాడు. అన్నయ్య పిల్లల్ని నేను ఎత్తుకునేవాణ్ణి. చేతులకేం తక్కువ?" అన్నారు.

శ్రోతలూ, ఈ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. 1928లో జాన్ వాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దుపెట్టుకోవద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, పొద్దున్నే కరచాలనం చెయ్యండి చాలు అని అందులో ఉంది. పైకి చూస్తే మా ఊరి పద్ధతీ ఆయన సలహా ఒకటే. కానీ వాట్సన్ లెక్కలో పెదనాన్న లేడు, అరుగూ లేదు. మా ఊరి ఇంట్లో నలుగురు అన్నదమ్ములున్నారు కాబట్టి ఆ పద్ధతి నడిచింది, ఏ బిడ్డా చేతులు లేకుండా పెరగలేదు. ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్లో ఉన్న మగచేతులు నావి రెండు, ఈ ఆరు నెలలకి నాన్నవి రెండు. అదే మర్యాద ఇక్కడ పాటిస్తే పిల్లాడికి చేతులే ఉండవు. నాన్నకి ఇదే చెప్పాను. ఆయన "అదీ నిజమే" అని, చెయ్యి చాపి పిల్లాణ్ణి తీసుకున్నారు.

ఆ రాత్రే ఇంకో సంగతి చెప్పారు. నాది మూలా నక్షత్రం. తండ్రి నేరుగా చూడకూడదన్నారట. అమ్మ పుట్టింట్లో ఉంది. ఇరవై ఏడు రోజులకి ఆ నక్షత్రం తిరిగి వచ్చాక శాంతి జరిపించి, కంచుగిన్నెలో నూనె పోసి, నా నీడ అందులో చూపించారు. "నూనె కదిలి నీ ముక్కు వంకరగా కనపడింది, వారం రోజులు అదే బెంగ" అన్నారు. నేను నా కొడుకుని మొదట చూసింది అల్ట్రాసౌండ్ తెర మీద, బూడిదరంగు నీడలా. వాడి ముక్కూ వంకరగానే కనపడింది. తర్వాత కాన్పు గదిలో నిలబడి బొడ్డుతాడు నేనే కత్తిరించాను. ఆ మాట విని నాన్న నా చేతులు చూశారు, ఏమీ అనలేదు.

అప్పటినుంచి రాత్రి నిద్రపుచ్చే డ్యూటీ నాన్నది. పాటలు రావు ఆయనకి. వచ్చిందే పాడతారు. బందరు, గూడూరు, పామర్రు, వుయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, బెజవాడ. ఒక్కో స్టాపుకీ ఎక్కేవాళ్ళెవరు, దిగేవాళ్ళెవరు, ఎవరు చిల్లర లేదన్నారు, వుయ్యూరు పంచదార మిల్లు దగ్గర ఎలాంటి వాసన వేస్తుంది, అన్నీ చెబుతారు. పిల్లాడు గుడ్లప్పగించి వింటాడు. కంకిపాడు దాటడు.

అమ్మ పెట్టెలో వసకొమ్ము కూడా తెచ్చింది. వస పోస్తే మాటలు బాగా వస్తాయని మన నమ్మకం కదా. అమెరికాలో 1968 నుంచి వసని ఆహారంలో వాడకూడదన్న నిషేధం ఉంది. అది చెబితే అమ్మ, "ఇక్కడ పుట్టినవాడికి వస కూడా పొయ్యకపోతే తెలుగు మాటలెలా వస్తాయిరా" అంది. తేనెకీ దిండుకీ లేని బెంగ ఈ ఒక్కదానికి పెట్టుకుంది. నా దగ్గర జవాబు లేదు. ఈమధ్య నాన్న "పామర్రు" అన్నప్పుడల్లా పిల్లాడు పెదవులు కలిపి ఏదో శబ్దం చేస్తున్నాడు. అమ్మ వసకొమ్ము మాట ఎత్తడం మానేసింది.

తండ్రులకి ఒక్క మాట. కాలిఫోర్నియాలో జీతంతో కూడిన కుటుంబ సెలవు 2004లో మొదలైంది, ఈ దేశంలో ఇలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం ఇదే. 2020 నుంచి ఎనిమిది వారాలు. 2025 నుంచి జీతాన్ని బట్టి 70 నుంచి 90 శాతం దాకా ఇస్తున్నారు. పుట్టిన ఏడాదిలోపు విడివిడిగానూ వాడుకోవచ్చు. ఆఫీసులో ఏమనుకుంటారోనని వదులుకుంటున్న మనవాళ్ళు నాకు తెలుసు. వదులుకోకండి. ఆఫీసుకి మీరు కాకపోతే ఇంకొకరు, ఇంట్లో అన్నదమ్ములు నలుగురు లేరు. నేను నాలుగు వారాలు వాడుకున్నాను, అమ్మావాళ్ళు వెళ్ళాక వాడదామని నాలుగు దాచుకున్నాను. అత్తయ్యగారు వచ్చేలోపు మిగతా రోజులకి మా ఆవిడ సెలవు కొంత, డేకేర్ కొంత.

అక్టోబరులో ప్రయాణం. టిక్కెట్లు ఖాయమయ్యాయి. ఏడాదిన్నర నిండని పిల్లలకి తెరలు చూపించొద్దని, అయితే దూరాన ఉన్నవాళ్ళతో వీడియోలో మాట్లాడటానికి మినహాయింపు ఉందని పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. నాన్న ఆ మినహాయింపు రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత కాలెండరు వెనకాల టైమ్‌టేబుల్ వేసుకున్నారు. ఇక్కడ రాత్రి ఏడున్నర, పిల్లాడు పడుకునే వేళ, అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిది. నవంబరులో మనం గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక తొమ్మిదవుతుంది కదా నాన్నా అన్నాను.

"అయితే తొమ్మిది గంటల బండి" అని రాసుకున్నారు.