లైను బాగానే వుంది – చిరునామాయే తెలియలేదు!

(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మిక్సీ ఆగిపోతే ముందు ప్లగ్గు చూస్తాం. గ్యాసు వెలగకపోతే రెగ్యులేటరు చూస్తాం. అదే టీవీలో బొమ్మ రాకుండా చక్రం గిరగిరా తిరుగుతుంటే మాత్రం, "అదేదో నెట్టు గొడవ, మగవాళ్లు రానీ" అని చేతులు కట్టుకుని కూర్చుంటాం. మొన్నమొన్నటిదాకా నేనూ అంతే. దానివల్ల ఏం పోగొట్టుకున్నామో చెప్తాను.

మా ఆడపడుచు వాళ్లు డల్లాస్‌లో వుంటారు. వాళ్లమ్మాయి మొదటి వీణ కచేరీ అక్కడ శనివారం సాయంత్రం, మనకి ఆదివారం తెల్లవారుజాము. ప్రత్యక్ష ప్రసారం చూద్దామని మా అత్తగారు నాలుగింటికే లేచి స్నానం చేసి కూర్చున్నారు. టీవీ పెడితే చక్రం తప్ప ఏమీ లేదు. రూటరు మీద దీపాలన్నీ పచ్చగానే వున్నాయి. ఆర్పి వెలిగించాను, లాభం లేదు. చివరికి నా సెల్లులో సిమ్ము డేటాతో పెట్టి చేతికిచ్చాను. ఆవిడ కళ్లకి ఆ అరచేతంత బొమ్మ ఆనదు. "వీణ వినబడుతోంది గానీ, పిల్ల వేళ్లు కనబడటం లేదే అమ్మాయీ" అన్నారు.

మర్నాడు నెట్టు అబ్బాయి వచ్చి, వైరు చూసి, "లైను బ్రహ్మాండంగా వుందండీ" అని వెళ్లిపోయాడు. అతను చెప్పింది నిజమే. మరి తప్పెక్కడ?

ఇంటర్నెట్‌లో ప్రతి చోటుకీ ఒక నంబరు వుంటుంది. మనకి గుర్తుండేవి పేర్లు, యంత్రాలకి కావలసినవి నంబర్లు. పేరు చెబితే నంబరు చెప్పే ఏర్పాటునే 'డీఎన్ఎస్' అంటారు. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన రూపొందించిన పద్ధతి ఇది. కొత్త ఊళ్లో వీధి మొదట కిళ్లీకొట్టు అతన్ని అడిగి చుట్టాల ఇల్లు కనుక్కుంటాం చూడండి, అలాంటిదే. కొట్టు కట్టేసి వుంటే? దారి బాగానే వుంటుంది, చుట్టాలూ ఇంట్లోనే వుంటారు. మనం మాత్రం వీధిలో నిలబడిపోతాం.

మామూలుగా ఈ కొట్టుని నెట్టు కంపెనీయే చూపిస్తుంది. మా అబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు, వేరే దేశాల్లో మాత్రమే చూపే సినిమాల కోసం డబ్బు కట్టి, ఇంకెవరిదో నంబరు రూటరులో పెట్టి వెళ్లాడట. అసలు అలా చూడటం చాలా యాప్‌ల షరతులకి విరుద్ధం కూడాను. గడువు తీరింది, ఆ కొట్టు మనకి జవాబు చెప్పడం మానేసింది. చంకలో పిల్లవాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను వైర్లు వెతికాను.

ఇక మీరు చేయవలసింది. సిమ్ము డేటా ఆపి, వైఫైలో సెల్లు బ్రౌజరు తెరిచి హెచ్‌టీటీపీఎస్ తర్వాత పేరుకి బదులు 1.1.1.1 అని కొట్టండి. పేర్లతో ఏదీ తెరుచుకోక, ఇది మాత్రం తెరుచుకుంటే, లైను మంచిదే, చిరునామా చెప్పేవాళ్లతోనే తంటా అని అర్థం. అప్పుడు 192.168.1.1 గాని, 192.168.0.1 గాని కొడితే చాలా రూటర్ల సెట్టింగుల పేజీ వస్తుంది. దానికి కావలసిన పేరూ పాస్‌వర్డూ ఎవరూ మార్చకుండా వుంటే తరచు రూటరు అడుగున చీటీ మీదే వుంటాయి. డీఎన్ఎస్ అన్నచోట వున్న నంబర్లు ముందుగా రాసుకోండి. తర్వాత 'ఆటోమేటిక్' పెట్టి సేవ్ చేయండి. రూటరూ టీవీ రెండూ ఓసారి ఆర్పి వెలిగించండి, ఎందుకంటే అవి పాత జవాబుల్నే కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి. అప్పటికీ రాకపోతే టీవీ నెట్‌వర్కు సెట్టింగుల్లో కూడా ఎవరైనా నంబరు పెట్టారేమో చూడండి.

ఒక్క మాట. బొమ్మ వస్తూ వస్తూ ఆగిపోతుంటే మాత్రం చాలావరకు తప్పు దీనిది కాదు. చిరునామా అడిగేది బయల్దేరేటప్పుడే కదా! రూటరు దూరంగా వుందేమో, గోడలు అడ్డం వున్నాయేమో చూసుకోవాలి.

ఇది సినిమాలతో పోయే సంగతీ కాదు. తప్పుడు కొట్టువాడు మనల్ని దొంగ ఇంటికీ పంపగలడు. 'డీఎన్ఎస్ ఛేంజర్' అనే దొంగ ప్రోగ్రాం అలాగే లక్షల కంప్యూటర్లలో నంబర్లు మార్చేసింది. 2011 నవంబరులో ముఠాని పట్టుకున్నారు. ఇళ్లవాళ్లు ఇబ్బంది పడకుండా కొన్నాళ్లు మంచి సర్వర్లు నడిపి, 2012 జూలై 9న ఆపేశారు. అప్పటికీ సరిచేసుకోని వాళ్లలో కొందరికి పేర్లతో ఏదీ తెరుచుకోలేదు. మనం బ్యాంకు పని కూడా ఈ వైఫై మీదే చేస్తున్నాం కదూ? ఆ నంబరు ఎవరిదో ఇంటి ఇల్లాలికి తెలియకపోతే ఎలా?

కచేరీ రికార్డింగు తర్వాత టీవీలో పెట్టాను. అత్తగారు సంతోషించారు గాని, ఆ ఘడియలో చూడటం వేరు, తర్వాత చూడటం వేరు. అందుకే ఇప్పుడు మా పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో రూటరు పాస్‌వర్డూ, నంబర్లూ, ఎవరు ఎప్పుడు మార్చారో అన్నీ రాసి వుంటాయి. నాకు చెప్పకుండా మార్చకూడదని మా అబ్బాయికి గట్టిగా చెప్పాను. మీరూ ఈ పూటే ఆ పేజీ రాసిపెట్టుకోండి.

సెలవు.