యంత్రముల కంపనము



విద్యుత్కేంద్రమున తిరుగు యంత్రమేదియు బొత్తిగా అదురు లేక తిరుగదు. ఎంత నేర్పుతో అమర్చినను ఇరుసు కొంచెము కంపించుచునే యుండును. ఆ కంపనమెంత, ఏ లయతో వచ్చుచున్నది అని కొలిచి, యంత్రమును విప్పకయే దాని రోగమును ముందుగా గుర్తింపవచ్చును.

మన దేశపు విద్యుత్ప్రవాహమునకు సెకనుకు 50 ఆవృత్తులు. అందుచే బొగ్గు కేంద్రములలోని పెద్ద ఆవిరి టర్బైనులు సామాన్యముగా నిమిషమునకు 3000 మార్లు, అనగా సెకనుకు 50 మార్లు, తిరుగును. బేరింగులకడ నమర్చిన గ్రాహకములు ఇరుసు కదలికను మైక్రానులలో, అనగా మిల్లీమీటరున వెయ్యవ వంతులలో, తెలుపును. కంపనము సరిగా 50 మార్లు వచ్చినచో బరువు ఒక ప్రక్కకు మొగ్గినదని మొదటి యనుమానము. నూరు మార్లు వచ్చినచో ఇరుసులు కలియుచోట వరుస తప్పినదేమో యని చూతురు. ఛందస్సు చదివినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. గణము తప్పినట్లు చెవికి ముందు తెలియును. ఎచ్చట తప్పినదో లెక్కించిన పిమ్మట తెలియును. అయితే ఒక్కనాటి కొలత చాలదు. నిన్నటి కొలతతో, మొన్నటి కొలతతో పోల్చవలెను.

కొలిచినంతమాత్రమున యంత్రము రక్షింపబడునా? రష్యాలో యెనిసెయి నదిపై సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్కేంద్రము కలదు. అందు 640 మెగావాట్ల యంత్రములు పది. 2009 ఆగస్టు 16 రాత్రి బ్రాట్స్క్ కేంద్రమున అగ్నిప్రమాదము కలుగగా, విద్యుత్తు హెచ్చుతగ్గులను సర్దు భారము ఈ కేంద్రముపై బడెను. రెండవ యంత్రము, కంపనము హెచ్చగునని నడుపదగని శక్తిస్థాయిలను పలుమార్లు దాటవలసివచ్చెను. మరునాటి యుదయము టర్బైను మూతను బిగించిన బోల్టులు తెగి, నీరు యంత్రశాలలోనికి విరుచుకొనిపడెను. 75 మంది మరణించిరి.

విచారణ నివేదిక ననుసరించి బేరింగు కంపనమునకు మితి 160 మైక్రానులు; ప్రమాదమునకు ముందు నమోదైనది 840. ఆ గ్రాహకమే చెడినదని పిమ్మట కొందరు వాదించిరి. నాకీ వాదము ఊరట నొసగదు. గ్రాహకము నిజము చెప్పినచో యంత్రము నాపవలెను. అబద్ధము చెప్పినచో గ్రాహకమును మార్చవలెను. ఆ రెంటిలో నొకటియు జరుగలేదు. దొరికిన 49 బోల్టులలో 41 యందు లోహము అలసినప్పుడు పుట్టు పగుళ్లు కనబడినవి. అవి ఒక్క రాత్రిలో పుట్టునవి కావు.

నేడు పెక్కు టర్బైనులకు రెండు మితులు నిర్ణయింతురు. మొదటిది దాటినచో హెచ్చరిక గంట మ్రోగును. రెండవది దాటినచో, ఎవరి యనుమతికై వేచియుండక, యంత్రము తనంతట నాగును. ఒక గ్రాహకము పొరబడవచ్చును గనుక, రెండింటి సాక్ష్యము కుదిరినప్పుడే ఆపునట్టి యేర్పాటును కొన్నిచోట్ల కలదు.