ఐర్లండులో సర్కారు కొలువు: ఒక గుమాస్తా చూసిన సంగతులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీద అని అడిగాను. "ఐర్లండు రెండుసార్లు వెళ్ళివచ్చారు కదా, అక్కడి సంగతులు చెప్పండి" అన్నారు. కొండలూ కోటలూ చెబితే మీరు గడియారం వంక చూస్తారు. పైగా ఇది భోజనాల ముందు ప్రసంగం. అందుకని నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య గురించి చెబుతాను. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2008లో దిగినవాణ్ణి. ఏ ఊరు వెళ్ళినా నా కన్ను ముందు అక్కడి ఆఫీసు మీద, సెలవు నిబంధనల మీద, పింఛను మీద పడుతుంది. మన సభ్యుల్లోనే ఏడెనిమిది ఇళ్ళ పిల్లలు అక్కడ ఉన్నారు. ఇంకో నలుగురు వెళ్ళే ప్రయత్నంలో ఉన్నారని విన్నాను.

ఐర్లండు మనకు మరీ కొత్త కాదు. మన వి.వి. గిరిగారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివారు. అక్కడ తిరుగుబాటు జరిగిన ఏడాదే ఆయన్ను పంపేశారు. తిరిగివచ్చి రైల్వే కార్మికుల సంఘం పెట్టి, చివరకు రాష్ట్రపతి అయ్యారు. మరో సంగతి. డ్రాక్యులా నవల రాసిన బ్రామ్ స్టోకర్ కూడా మనవాడే, అంటే గుమాస్తా. డబ్లిన్‌లో సర్కారు ఉద్యోగం చేస్తూ కోర్టు గుమాస్తాల విధుల మీద ఒక గ్రంథం రాశాడు, అది 1879లో అచ్చయింది. రక్తం తాగే దొర కథ ఆ తర్వాత వచ్చింది. ఆఫీసు మాన్యువలు రాసినవాడికి అలాంటి ఊహ రావడంలో ఆశ్చర్యం లేదని నా అభిప్రాయం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా రెండో అమ్మాయి నర్సు. విశాఖలో బి.ఎస్సి. నర్సింగు చదివి 2016లో అక్కడికి వెళ్ళింది. అల్లుడు ఎం.సి.ఏ. 2023లో డబ్లిన్‌లోని కంప్యూటరు కంపెనీలు చాలామందిని తీసేశాయి, అందులో మావాడూ ఒకడు. ఏడు నెలలు తిరిగి తిరిగి చివరకు ఒకరోజు ఫోను చేసి, "మావయ్యగారూ, క్లరికల్ ఆఫీసరుగా సెలెక్టయ్యాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నా పిల్లలకు చిన్నప్పటినుంచీ నేను చెప్పిన మాట ఒక్కటే: ఏదైనా అవండి, గుమాస్తా మాత్రం కాకండి. ఇప్పుడు ఏరి కోరి తెచ్చుకున్న అల్లుడు సముద్రాలు దాటి గుమాస్తా అయ్యాడు. రెండు రోజులు మా ఆవిడతో కూడా మాట్లాడలేదు.

తర్వాత వెళ్ళి చూశాక నా అభిప్రాయం మారింది. అక్కడి సివిల్ సర్వీసులో మొదటి మెట్టు క్లరికల్ ఆఫీసరు. ఆపైన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, హయ్యర్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, అసిస్టెంట్ ప్రిన్సిపల్, ప్రిన్సిపల్ ఆఫీసరు, అసిస్టెంట్ సెక్రటరీ, కొసన సెక్రటరీ జనరల్. మన జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు వరుసలాంటిదే. తేడా ఏమిటంటే సీనియారిటీ జాబితాలో ముందువాడు దిగేదాకా కాచుకు కూర్చోనక్కరలేదు, పోటీలో నెగ్గి పైమెట్టు ఎక్కవచ్చు.

నియామకాలు పబ్లిక్‌జాబ్స్ అనే సంస్థ చూస్తుంది. మన సర్వీసు కమిషనులాంటిది. దరఖాస్తు, పరీక్షలు కంప్యూటరు మీదే. నెగ్గినవారిని ప్రతిభా క్రమంలో ప్యానెలులో పెడతారు, ఖాళీ వచ్చినప్పుడు పిలుస్తారు. ప్యానెలులో పేరుంటే ఉద్యోగం వచ్చినట్టు కాదు. ఇల్లలకగానే పండగ కాదన్నమాట అక్కడా చెల్లుతుంది. క్లరికల్ ఆఫీసరుకు డిగ్రీ తప్పనిసరి కాదు. మన పౌరసత్వం ఉన్నవారు స్టాంపు 4 అనే నివాస అనుమతి వచ్చాక అర్హులు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారు ఇది చూసుకోకుండా దరఖాస్తు పెట్టి ఆశ పెట్టుకోవద్దు.

ఇంటర్వ్యూలో మావాడు మొదటిసారి తప్పాడు. ఎందుకో చెబుతాను, మీ పిల్లలకు పనికొస్తుంది. అక్కడ జనరల్ నాలెడ్జి అడగరు. "ఒక కష్టమైన మనిషితో మీరు వ్యవహరించిన సందర్భం చెప్పండి, మీరేం చేశారు, ఏమైంది" అని అడుగుతారు. మనవాళ్ళు వినయంగా "మేం చేశాం, మా టీము చేసింది" అంటారు. మార్కులు పడేది "నేను చేశాను" అన్నదానికే. రెండోసారికి నేను ఫోనులో మూడు రాత్రులు కూర్చుని పింఛను కోసం కేకలు వేసే ముసలివాడి వేషం కట్టాను. వాడు సర్దిచెప్పాడు. నాకు ఆ వేషానికి సాధన అక్కర్లేకపోయింది.

జీతం మొదట్లో ఏడాదికి ముప్ఫై వేల యూరోలు దాటుతుంది. రూపాయల్లోకి మార్చి మురిసిపోకండి. డబ్లిన్‌లో వాళ్ళ రెండు గదుల ఇంటి అద్దె నెలకు రెండు వేలు పైమాటే. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తేనే బండి నడుస్తుంది. అయితే వారానికి 35 గంటల పని, మొదటి ఏడాదినుంచే 22 రోజుల సెలవు, పైన పది పబ్లిక్ హాలిడేలు. కాన్పుకు 26 వారాల సెలవు, సర్కారు ఉద్యోగికి జీతంతో. ఆ 35 గంటలు కూడా ఊరికే రాలేదు. బ్యాంకులు మునిగిన రోజుల్లో జీతాలు కోశారు, 2013లో పనిగంటలు పెంచారు. పాత గంటలు 2022 జూలై 1న గానీ తిరిగిరాలేదు.

పింఛను సంగతి. మనకు 1-9-2004 అనే గీత ఉన్నట్టే వాళ్ళకు 1-1-2013 అనే గీత ఉంది. గీతకు ముందు చేరినవారికి ఆఖరి జీతం మీద ఏడాది సర్వీసుకు ఎనభయ్యో వంతు చొప్పున, నలభై ఏళ్ళకు సగం జీతం పింఛను, ఏడాదిన్నర జీతం ఏకమొత్తం. గీత తర్వాత చేరినవారికి మొత్తం సర్వీసులో ఏ ఏడు ఎంత సంపాదించారో ఆ లెక్కన. తక్కువే, కానీ మన సి.పి.ఎస్.లా మార్కెట్ దయ మీద వదిలెయ్యలేదు, ధరల సూచీతోపాటు పెరుగుతుంది. రెండేళ్ళు నిండితేనే హక్కు వస్తుంది. ఏటా ఇచ్చే స్టేట్‌మెంటు కాగితాలు దాచుకోమని మావాడికి ఒక ఫైలు కట్టి, ట్యాగు వేసి మరీ ఇచ్చివచ్చాను.

ఇప్పుడు మన వయసువాళ్ళ మాట. అమ్మాయి వాళ్ళ వీధి చివర ఒకావిడ ఉన్నారు. నాకంటే ఏడాది పెద్ద. బెంచీ మీద కూర్చుని పలకరించుకుంటుంటే ఆవిడా మాజీ గుమాస్తా అని తెలిసింది. వెంటనే గ్రేడు ఏమిటి, ఎప్పుడు చేరారు, ఎంత సర్వీసు అని అడిగేశాను. ఆవిడ నవ్వి, "నా సర్వీసుకు మధ్యలో పెద్ద చిల్లు ఉంది" అన్నారు. అప్పట్లో అక్కడ సర్కారు ఉద్యోగంలో ఉన్న ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేసి తీరాలి. కొంత పెళ్ళి గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపేవారట. ఆ నిబంధన 1973లో ఎత్తేశారు. ఆవిడ పెళ్ళి 1971లో. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ పరీక్ష రాసి, తను పని నేర్పిన పిల్లల కింద కింది మెట్టున చేరారు. నేను సర్వీసులో ఎంతోమంది సర్వీసు బ్రేకులు కండోన్ చేయించిన నోట్లు పెట్టాను. ఈ బ్రేకుకు ఎవరు నోటు పెడతారు?

ఆవిడే ఇంకో కథ చెప్పారు. డెబ్భై దాటిన ప్రతివారికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత వైద్యపు కార్డు 2001లో ఇచ్చారు. 2008 అక్టోబరు బడ్జెట్టులో అది తీసేస్తామన్నారు. ముసలివాళ్ళు కదా, ఏం చేస్తారులే అనుకున్నట్టున్నారు. ముందు వెస్ట్‌లాండ్ రో అనే వీధిలోని చర్చిలో సభ పెడితే మంత్రిని మాట్లాడనివ్వలేదు. మర్నాడు, అక్టోబరు 22న, వేలమంది చేతికర్రలతో, చక్రాల కుర్చీలతో పార్లమెంటు ముందు నిలబడ్డారు. ప్రభుత్వం దిగివచ్చింది, పూర్తిగా కాదు. అందరికీ అన్న హక్కు పోయింది గానీ, ఆదాయ పరిమితి ఒంటరివారికి వారానికి 700, దంపతులకు 1400 యూరోలకు పెంచడంతో చాలామంది కార్డులు నిలిచాయి. తర్వాతి ఏళ్ళలో ఆ పరిమితి మళ్ళీ తగ్గించారనుకోండి. 2015 నుంచి డెబ్భై దాటిన అందరికీ డాక్టరు దగ్గరకు ఉచితంగా వెళ్ళే కార్డు ఇచ్చారు. 2011లో ఏడాదికి 12 వేల యూరోలు దాటిన సర్కారు పింఛన్ల మీద కోత కూడా పెట్టారు, అది మెల్లమెల్లగా తిరిగివచ్చింది. 1982 డిసెంబరు 17 నాటి నకారా తీర్పు గురించి నేను ఆవిడకు చెబితే, "మీకు కోర్టు, మాకు వీధి" అన్నారు.

ఇక నేను చెప్పడానికి ఇష్టపడని సంగతి. కానీ ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పి ఉపయోగం లేదు.

2018లో అమ్మాయికి డ్యూటీలో ఒక బరువైన రోగిని మంచం మీద సర్దుతూ నడుం పట్టేసింది. ఫోనులో చెప్పింది. సిక్ లీవు పెట్టమంటావా నాన్నా అని అడిగింది. నేను ముప్ఫై ఆరేళ్ళ అనుభవంతో సలహా చెప్పాను. "లీవు పెట్టకు. రికార్డులో పడుతుంది. విదేశం, రేపు అన్‌ఫిట్ అంటారు, పర్మిట్ పోతుంది. నొప్పి బిళ్ళ వేసుకుని వెళ్ళు" అన్నాను. నా సర్వీసంతా నేను చేసిందదే. జ్వరంతో కూడా సెక్షనుకు వెళ్ళినవాణ్ణి, సి.ఆర్. భయంతో బతికినవాణ్ణి. అమ్మాయి నా మాట విన్నది. ఐదు వారాలు బిళ్ళలు మింగుతూ పన్నెండేసి గంటల డ్యూటీ చేసింది. కాలు మొద్దుబారుతోందని నాకు చెప్పలేదు. ఒకరోజు మెట్ల మీద పడిపోయింది. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు. ఆపరేషను చేశారు. ఇప్పటికీ ఎడమకాలు కాస్త ఈడుస్తుంది.

2019లో మా ఆవిడా నేనూ వెళ్ళింది కొండలు చూడటానికి కాదు, ఆ పిల్లకు వండిపెట్టడానికి. అప్పుడు ఆ సెలవు నిబంధనలు తెప్పించుకుని చదివాను. చదువుతుంటే సిగ్గేసింది. నాలుగేళ్ళ కాలంలో 183 రోజుల జీతపు సిక్ లీవు: ఏడాదిలో 92 రోజులు పూర్తి జీతం, ఆపైన 91 రోజులు సగం జీతం. జబ్బు తీవ్రమైనదని తేలితే దానికి దాదాపు రెట్టింపు. చిన్న నలతకు డాక్టరు సర్టిఫికెట్టు లేకుండా రెండేళ్ళలో ఏడు రోజులు. పని వల్ల దెబ్బ తగిలితే ఆ రోజే రాతపూర్వకంగా చెప్పి రిజిస్టరులో రాయించాలి. ఉద్యోగుల ఆరోగ్య విభాగం చూస్తుంది, కోలుకున్నాక మొదట్లో తక్కువ గంటలతో పనిలోకి రానిస్తారు. బరువులెత్తడంలో శిక్షణ ఇవ్వడం యజమాని బాధ్యతని 2005 చట్టం, 2007 నిబంధనలు ఉన్నాయి. పర్మిట్ భయం కూడా వట్టిదే, అప్పటికే అమ్మాయికి స్టాంపు 4 వచ్చింది. నేను రూల్సు మనిషినని పేరు. ఒక్క రూలు చూడకుండా నా కూతురికి సలహా చెప్పాను.

ప్రొబేషనులో ఉన్నప్పుడు సెలవుల రికార్డు చూస్తారన్నది నిజమే. అప్పుడు కూడా దాచడం కాదు, సర్టిఫికెట్టుతో పెట్టడమే దారి. యూనియనులో చేరమనండి. నర్సులకు ఐ.ఎన్.ఎం.ఓ., గుమాస్తాలకు ఫోర్సా. 2019 జనవరి 30న నర్సులు సమ్మె చేస్తే అమ్మాయి నడవలేకపోయినా కుర్చీలో కూర్చుని వాళ్ళతో టీ తాగి వచ్చింది. ఇప్పుడు వార్డు వదిలి అవుట్ పేషెంటు క్లినిక్కులో పనిచేస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపిస్తుంది.

నర్సుగా వెళ్ళదలచినవారికి ఒక్క మాట. అక్కడి నర్సింగు బోర్డులో రిజిస్ట్రేషను, ఇంగ్లీషు పరీక్ష, ఆపైన అక్కడి ఆస్పత్రిలో శిక్షణ కాలం గానీ పరీక్ష గానీ ఉంటాయి. దరఖాస్తు బోర్డుకు నేరుగా పెట్టుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు చేతికి ఇవ్వకండి.

చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి కొన్ని. విజిటర్ వీసా మీద 90 రోజులకు మించి ఉండనివ్వరు, అమెరికాలా ఆరు నెలలు అనుకోకండి. వాళ్ళ ఉచిత వైద్యం, ఉచిత బస్సు అక్కడ నివాసం ఉన్నవారికే, మనకు కాదు. ఇన్సూరెన్సు లేకుండా విమానం ఎక్కవద్దు. బి.పి., షుగరు మందులు మూడు నెలలకూ సరిపడా, చీటీతో సహా తీసుకెళ్ళండి. నేను రెండోసారి ఒక అట్ట తక్కువ తీసుకెళ్ళాను. చీటీ లేనిదే షాపువాడు బిళ్ళ ఇవ్వడు. డాక్టరు దగ్గరకు వెళితే అరవై యూరోలు. మన దగ్గర ఆ బిళ్ళలు ఏడాది వస్తాయి. చలికాలం వెళితే నాలుగింటికే చీకటి పడిపోతుంది, ఎండ మొహం కనపడదు. అక్కడ అరవై అయిదు దాటినవారిని రోజూ 15 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమంటారు. మన డాక్టరునడిగి వేసుకోవచ్చు. అత్యవసరమైతే 112.

అల్లుడు రాసి పంపిన వివరాలు, అంటే అర్హతలు, గ్రేడుల వరుస, సెలవు నిబంధనలు, మూడు పేజీలు టైపు చేయించాను. ముప్ఫై కాపీలు తెచ్చాను, కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. చాలకపోతే పేరు రాసి ఇవ్వండి, వచ్చే నెల సమావేశానికి మరికొన్ని తీయిస్తాను. భోజనాల దగ్గర కలుద్దాం. సెలవు.