బండి కొనే ముందు నంబరు చూడండి



ఈ రోజు పాత బండి గురించి తెలుసుకుందాం. బండి సంగతి మగవాళ్లకు కదా అనుకోకండి. డబ్బు మనదైతే బండి సంగతీ మనదే. కథలాగా వినండి.

మదనపల్లె దగ్గర ఒక పల్లె. అక్కడ పదిమంది ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. అందరూ టమోటా పండిస్తారు. కాయలు మార్కెట్టుకు చేర్చాలంటే బాడుగ బండే దిక్కు. పంట డబ్బులో చాలా భాగం బాడుగకే పోతున్నది. అందుకని పొదుపు డబ్బుతో ఒక పాత పికప్ బండి కొందామనుకున్నారు.

ఒక బ్రోకరు బండి తెచ్చాడు. కొత్త రంగు వేసి ఉంది. తళతళా మెరుస్తున్నది.

"ఇంజను గట్టిది అమ్మా. కళ్లు మూసుకుని కొనండి" అన్నాడు.

సంఘంలో ఒక చిన్న కోడలు ఉంది. రాత్రి బడిలో చదువు నేర్చింది. ఆమె ముందుకు వచ్చింది.

"కళ్లు తెరిచే కొంటామన్నా. ఆర్.సి. పుస్తకం ఇయ్యి" అన్నది.

ఆర్.సి. పుస్తకం అంటే బండికి పుట్టుక పత్రం లాంటిది. అందులో రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి చాసీ నంబరు. చాసీ అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. రెండోది ఇంజను నంబరు. ఈ రెండూ బండి మీద కూడా ఇనుములో చెక్కి ఉంటాయి.

ఊరి మెకానిక్కును పిలిచారు. ఇంజను చల్లగా ఉంది. ఆయన ఆ రెండు చోట్లా కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచాడు. చిన్న కోడలు పలుచని కాగితం పెట్టి, పైన పెన్సిలు అడ్డంగా రుద్దింది. చుట్టూ నల్లగా, అంకెలు తెల్లగా తేలాయి.

ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఏం? ముగ్గుకు ముగ్గు పోల్చినట్టు, ఆకారానికి ఆకారం పోల్చింది. అంకెలు ఎటూ తెలుసు. చాసీ నంబరు సరిపోయింది. ఇంజను నంబరు సరిపోలేదు.

"ఇది వేరే ఇంజను!" అన్నది.

బ్రోకరు తడబడ్డాడు. "పాత ఇంజను చెడిపోతే ఇది వేశారమ్మా. అందరూ చేసేదే కదా" అన్నాడు.

మెకానిక్కు ఇలా చెప్పాడు: "ఇంజను మార్చడం తప్పు కాదు. దాచడం తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం ఉంది. ఇంజను మార్చితే 14 రోజుల్లోగా రవాణా ఆఫీసుకు తెలపాలి. కొత్త నంబరు ఆర్.సి.లో రాయించాలి. రాయించకపోతే, రేపు అది దొంగ ఇంజను అని తేలితే, బండి పోలీసు స్టేషనులో ఉంటుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు డబ్బుకు కూడా పేచీ వస్తుంది."

సంఘం పెద్దమ్మ గట్టిగా చెప్పింది: "ఇంజను ఎక్కడ కొన్నారో ఆ బిల్లు తెండి. నంబరు ఆర్.సి.లో ఎక్కించండి. ఆ తరువాతే బేరం."

కొన్నాళ్లకు అమ్మేవాడు బిల్లు చూపించాడు. రుసుము కట్టి నంబరు రాయించుకొచ్చాడు. అప్పుడు మెకానిక్కు ఇంజను పరీక్ష చేశాడు.

ఆయిలు చూసే పుల్ల తీశాడు. ఆయిలు మజ్జిగలాగా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలిసినట్టు. ఇక్కడ అలా లేదు. స్టార్టు చేసి పొగ చూశాడు. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు. అదీ లేదు.

కాని రెండు లోపాలు దొరికాయి. స్టార్టు చేస్తే బండి మూలుగుతున్నది. లైట్లు మసకబారుతున్నాయి. బ్యాటరీ మంచిదే. ఇంజనుకూ చాసీకీ నడుమ మందపాటి ఎర్త్ వైరు ఉండాలి. ఇంజను మార్చినవాళ్లు అది బిగించడం మరిచారు. అందువల్ల కరెంటు యాక్సిలరేటరు తీగ గుండా పోతున్నది. ఆ తీగ వేడెక్కి కాలిపోయే ప్రమాదం ఉంది. రెండోది, ఇంజను కింద రబ్బర్లు నలిగిపోయాయి. అందుకే బండి అంతగా అదురుతున్నది.

ఎర్త్ వైరు బిగించారు. రబ్బర్లు కొత్తవి వేశారు. ఆ ఖర్చు ధరలో తగ్గించుకున్నారు. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు చేయించి, బండిని తమ పేరుకు మార్పించుకున్నారు. సంఘం పెద్దమ్మ వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది.

ఆ పెన్సిలు కాగితాలు ఇప్పటికీ సంఘం పుస్తకంలో అంటించి ఉన్నాయి.

అక్కల్లారా! ఇవి గుర్తు పెట్టుకోండి.

ఆర్.సి. చూడకుండా బయానా ఇవ్వకండి.
రెండు నంబర్లూ ఒక్కొక్క అక్షరమే పోల్చండి. 8, బి ఒకేలా కనబడతాయి, జాగ్రత్త.
నంబరు ఉన్నచోట గీకిన గుర్తులు ఉంటే ఆ బండి వద్దు.
నంబరు కలవకపోతే బిల్లు అడగండి. ఆర్.సి.లో రాయించమనండి.
మీ మెకానిక్కుకు చూపించండి. అమ్మేవాడి మెకానిక్కుకు కాదు.

అడగడానికి సిగ్గుపడకండి. డబ్బు ఇచ్చేది మీరు.