అల్పాదాయము గలవాని మొదటి ఆస్తి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాసి, రాత్రి ఈ గ్రంథాలయపు దీపము క్రింద భారతము చదువుకొన్నవాడను. కావున లెక్కలనుండియే నాలుగు మాటలు మనవి చేసెదను. చిన్న ఆదాయము గలవాడు తాను కాపురముండుటకు గాక, నాలుగు రూపాయల రాబడికై మొట్టమొదట ఏ ఆస్తి కొనవలెను?

ముందుగా నా తప్పు చెప్పుకొందును. ముప్పది యేండ్ల వయస్సున, మా ఇల్లాలి నగలమ్మి నాలుగెకరముల మెట్టచేను కొంటిని. ధర చౌక. ఎందుకు చౌకయో విచారింపనైతిని. అది భూమిలేని పేదకు ప్రభుత్వమిచ్చిన డి.కె.టి. పట్టా చేను. అట్టిదానిని కొనుటను 1977 నాటి చట్టము నిషేధించినది. చేను తిరిగి ఆ కుటుంబమునకే చేరెను. నాకు పోయినది ధనము. నా కొనుగోలు నిలిచియున్నచో వారికి పోవునది అన్నము. ఈ రెండవ మాట నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది. ఆ చట్టమునకు 2023లో కొన్ని సడలింపులు వచ్చినవి. అయినను తహశీలుదారు కచేరీలో విచారింపక బయానా ఇయ్యరాదు.

కావున మొదటి పరీక్ష కాగితము. 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర చేలను కొలిపించి శిస్తు కట్టించెను. నాటినుండియు మన సీమలో నోటిమాటకన్న రికార్డే పెద్ద సాక్షి. చేనైనచో అడంగలు, 1-బి చూడుడు. ఏ ఆస్తికైనను ఇ.సి. తీయించుడు. సర్వే నెంబరు నిషేధిత జాబితాలో నున్నదేమో సబ్ రిజిస్ట్రారు కచేరీలో అడుగుడు. సెంటనగా 48.4 చదరపు గజములు. దస్తావేజులోని కొలత నేలమీద సరిపోవలెను.

రెండవ పరీక్ష నీరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా మనది. గుత్తి కొండమీద కోట కట్టినవారు సైతము గోడలతోపాటు నీటి కొలనులు ఏర్పరచుకొనిరి. స్థలము చూచుటకు కార్తికమున పోవలదు, వైశాఖమున పొండు. మధ్యవర్తిని గాక, పొరుగింటి ఇల్లాలిని బిందె నిండుట కెంతసేపు పట్టునని అడుగుడు. నీరులేని యింట అద్దెకు ఎవరును నిలువరు.

మూడవ పరీక్ష లెక్క. 10,00,000 రూపాయల ఇంటికి నెలకు 4,000 అద్దె వచ్చుననుకొందము. ఏడాదికి 48,000. ఒక నెల ఖాళీకి, పన్నుకు, మరమ్మతులకు 12,000 పోగా మిగులునది 36,000. అనగా నూటికి 3 రూపాయల 60 పైసలు. ధర మొత్తము నూటికి 9 వడ్డీకి తెచ్చినచో వడ్డీయే 90,000. ఆ తక్కువపడు 54,000 ఎవరి సంచిలోనుండి తీయవలెను? ధర పెరుగునందురు. పెరుగవచ్చును, పెరుగకపోవచ్చును. నన్నయగారి సభాపర్వమున ధర్మరాజు సైతము తరువాతి పందెమున గెలుతునన్న ఆశతోనే సర్వస్వము ఒడ్డెను. ఆరు నెలలు అద్దె రాకున్నను పిల్లల తిండికి, చదువుకు లోటు రాకుండ వాయిదా కట్టగలనా? కట్టగలనన్నంతవరకే అప్పు చేయుడు.

పదునైదేండ్లు కూడబెట్టి, ఈ మూడు పరీక్షలు చేసి, రెండు గదుల పాత ఇల్లొకటి కొంటిని. ధరలో ముప్పాతిక నా సొంత సొమ్ము. 2020లో కరోనా వచ్చి పనులు నిలిచినప్పుడు నాలుగు నెలలు అద్దె రాలేదు. అప్పు కొంచెమే గనుక ఇల్లు పోలేదు; అద్దెకున్నవారిని పొమ్మనవలసిన అవసరమును కలుగలేదు. మనలను కఠినులను జేయని ఆస్తియే మంచి ఆస్తి అని ఆనాడు తెలిసికొంటిని.

మా ఇల్లాలి నగలు మాత్రము ఇంకను చేయింపవలసియున్నది. ఆమె ఈ సభలోనే యున్నది గనుక ఇంతటితో ముగించుచున్నాను. మన గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!